అనంతపురం జిల్లా వాతావరణం: ఏ నెలలో ఎట్లుంటుంది? (కొత్తగా వస్తున్నాను, చెప్పగలరు)

గోదారిగట్టు | మే 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. బ్యాంకు ఉద్యోగం. జూన్ మొదటి వారంలో కళ్యాణదుర్గంలో చేరమని ఆర్డరు వచ్చింది. ఆ జిల్లా నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ ఎవరికి చెప్పినా "అయ్యో, ఎడారికా?" అంటున్నారు. మా అమ్మగారికి ఆయాసం ఉంది, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. ఎండలు నిజంగా అంత ఉంటాయా? వానాకాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుంది? చలి ఉంటుందా? నెలలవారీగా ఎవరైనా చెబితే పుణ్యం ఉంటుంది. పల్లెల్లో పంట రుణాలు కూడా నేనే చూడాలట, అందుకని వ్యవసాయం సంగతులు కూడా చెప్పండి.

మడకశిర_బెంగళూరు | మే 14, రాత్రి 9:40

అన్నా, "అనంతపురం" అంటే ఒకటే వాతావరణం కాదు. మా మడకశిర, హిందూపురం వైపు ఎత్తు ఎక్కువ, ఆరు వందల మీటర్ల పైనే. వేసవిలో కూడా రాత్రి పది దాటితే చల్లగాలి వస్తుంది, ఇంచుమించు బెంగళూరు పక్కింటి వాతావరణం. (2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేశాక మేము శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చాం. మబ్బులకి ఆ గీత తెలీదు కాబట్టి ఇక్కడ కలిపే మాట్లాడుకుందాం.) కళ్యాణదుర్గం మధ్యస్తం. తాడిపత్రి వైపు పడి ఉంటే అప్పుడు సానుభూతి చెప్పేవాణ్ణి.

నాపరాళ్ళూరు | మే 14, రాత్రి 10:05

తాడిపత్రి వాణ్ణి నేనే. సానుభూతి అందింది, థ్యాంక్స్ 😄 నేల పల్లం, చుట్టూ నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఏప్రిల్ నుంచే 40 దాటుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి బండరాయి మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూపించండి, నా సీటు మీకిచ్చేస్తా.

కోనసీమ వాళ్ళకి ఒక శుభవార్త మాత్రం ఉంది. ఇక్కడ ఉక్కపోత తక్కువ. మీ దగ్గర 37కే చొక్కా పిండుకుంటారు. ఇక్కడ 41లో కూడా చెట్టు నీడన నిలబడొచ్చు. చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. అదే ప్రమాదం కూడా, దాహం తెలీకుండా ఒళ్ళు ఎండిపోతుంది. పిల్లలకి మజ్జిగ, నీళ్ళు అడక్కుండానే ఇస్తుండండి.

కంబదూరు_సేద్యం | మే 15, ఉదయం 6:20

సామీ, నువ్వు వచ్చేది మా పక్కకే. భయపడే పనేం లే.

నువ్వు నెలలు అడిగినావు. మేం నెలల్తో చూడం, కార్తెల్తో చూస్తాం. అట్లే చెప్తా, రాసుకో.

అశ్విని, భరణి అంటే ఏప్రిల్. ఎండ బాగుంటాది. ఉన్నట్టుండి సాయంత్రం పెద్ద గాలి లేచి ఉరుములు, ఒక్కోసారి వడగండ్లు. అరటి, బొప్పాయి పెట్టినోళ్ళకి ఆ గాలంటే గుండె దడ. పొద్దున లేచి చూస్తే తోట మొత్తం ఒక పక్కకు పండుకోనుంటాది.

రోహిణి మే 25 నుంచి. రోళ్ళు పగులుతాయంటారు, మా దగ్గర బోర్లు కూడా ఎండుతాయి. ఈ టైములో ఒకటో రెండో మంచి వానలు పడితే దుక్కి దున్నుకుంటాం.

మృగశిర జూన్ 8కి వస్తాది. మీ పక్క అప్పటికి నారుమళ్ళ మాట మొదలైతాదేమో. మా పక్క అప్పుడు మొదలయ్యేది గాలి. ఆరుద్రలో కూడా గాలే. మబ్బు కమ్ముతాది, నాలుగు చినుకులు రాల్తాయి, పోతాది. దాన్ని వాన అని ఎవరూ అనరు.

పునర్వసు, పుష్యమి అంటే జులై. శెనక్కాయ (మీరనే వేరుశెనగ) విత్తేది ఇప్పుడే. కందిసాళ్ళు కూడా దాంట్లోనే. వాన పడిన మర్నాడు పొద్దున్నే చేన్లోకి పోయి కట్టెతో గెలికి చూస్తాం. పైన తడి, కింద పొడి ఉంటే విత్తనం వెయ్యం. ఎర్రనేలలో జానెడు లోతు తడి దిగి, మన్ను చేత్తో పిడికిలి పడితే ముద్దై, వదిలితే విడిపోవాల. అది పదును. ఆ పదును రెండు మూడు దినాలే ఉంటాది. గాలికి ఆరిపోతాది. ఆ రెండు దినాల్లో ఊరంతా ట్రాక్టర్లకే పరుగు. నీ బ్యాంకు దగ్గర జనం కూడా అప్పుడే, గుర్తు పెట్టుకో.

ఆశ్లేష, మఖ అంటే ఆగస్టు. దాని గురించి ఏం చెప్పేది. ఆకాశం చూసుకుంటా కూచోవడమే.

పుబ్బ, ఉత్తర: సెప్టెంబరు. మా అసలు వాన ఇది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు పెద్దోళ్ళు. ఉత్తరలో కూడా పడకపోతే గంప ఎత్తుకోని బెంగళూరుకో ఇంకో పక్కకో పోవాల్సిందే.

హస్త, చిత్త చెరువులకు. స్వాతి, విశాఖ వచ్చేసరికి కాయ పీకి చేన్లో కుప్పలేసి ఉంటాం, అప్పుడు వద్దంటే పడతాది. "విశాఖ కురిస్తే పంటకు విషమే" అన్నది ఊరికే కాదు. కుప్పలో కాయ మొలకెత్తి, మేతకి దాచుకునే కట్టె నల్లబడి, గొడ్లు కూడా ముట్టవు.

ఆ తర్వాత చలి. సంక్రాంతి దాకా పొద్దున పూట బాగుంటాది. మీ అమ్మకి అదే మంచి కాలం.

గోదారిగట్టు | మే 15, ఉదయం 8:02

అన్నగారూ, ఇంత వివరంగా ఎవరు చెబుతారండీ! రాసుకున్నాను. ఒక్క సందేహం. టీవీలో "బంగాళాఖాతంలో అల్పపీడనం, రాష్ట్రమంతా భారీ వర్షాలు" అని జులై, ఆగస్టుల్లో రోజూ చెబుతారు కదా. అవి మీ దాకా రావా?

మబ్బుచూపు | మే 15, మధ్యాహ్నం 1:30

దీనికి జవాబు తెలిస్తే జిల్లా వాతావరణం సగం తెలిసినట్టే.

ముందు అంకెలు. ఉమ్మడి జిల్లా సగటు ఏడాదికి సుమారు 550 మి.మీ. అందులో నైరుతి (జూన్–సెప్టెంబరు) వాటా 340 దగ్గర, ఈశాన్యం (అక్టోబరు–డిసెంబరు) వాటా 150 పైచిలుకు. మిగతాది వేసవి ఉరుముల వానలు. కోనసీమలో దీనికి రెండింతలు పడుతుంది.

తక్కువ పడడానికి కారణం ఆ జిల్లా ఉన్న చోటు. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తేమతో వచ్చి పడమటి కనుమలు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడే నీళ్ళన్నీ దించేస్తుంది. కర్ణాటకలో ఆగుంబెకి ఏడాదికి 7,000 మి.మీ. పైన పడుతుంది. అక్కడికి అనంతపురం సూటిగా సుమారు 300 కిలోమీటర్లు. కనుమలు దిగిన గాలి వేడెక్కి పొడిబారి చిత్రదుర్గ, బళ్ళారి, అనంతపురం మీదుగా ఈదుకుంటూ పోతుంది. ఇదే వానచాటు ప్రాంతం. ఇక ఈశాన్య రుతుపవనాల బలం కోస్తాకి, నెల్లూరుకి, తమిళనాడుకి. తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అదీ సన్నగిల్లుతుంది. రెండు పెళ్ళిళ్ళకీ పిలుపు ఉంది, రెండిట్లోనూ ఆఖరి పంక్తే.

ఇప్పుడు అల్పపీడనం. జులై, ఆగస్టుల్లో అల్పపీడనాలు ఎక్కువగా ఏర్పడేది బంగాళాఖాతం ఉత్తర, వాయవ్య భాగంలో, ఒడిశా, బెంగాల్ తీరాల దగ్గర. అవి బలపడితే ఉత్తరాంధ్రకి, తెలంగాణకి వాన. అదే సమయంలో అవి పడమటి గాలిని ఇంకా జోరుగా లాక్కుంటాయి. ఆ జోరు గాలి అనంతపురం మీద ఏ మబ్బునూ నిలిచి ఎదగనివ్వదు. అంటే టీవీలో ఎర్ర అక్షరాలు ఎంత పెద్దవైతే కంబదూరులో గాలి అంత పెద్దది, వాన అంత చిన్నది.

తిరకాసు ఇంకోటుంది. రుతుపవన ద్రోణి (వానలు తెచ్చే అల్పపీడన పట్టీ) హిమాలయాల అడుగుకి జరిగితే దేశం నడిమి భాగంలో వానలు ఆగిపోతాయి. "రుతుపవనాలకు విరామం" అని వార్త వస్తుంది. సరిగ్గా అప్పుడే పడమటి గాలి కాస్త నెమ్మదించి, రాయలసీమలో, తమిళనాడులో సాయంత్రం ఉరుముల వానలు పడే అవకాశం పెరుగుతుంది. దేశం బాధపడేటప్పుడు వీళ్ళకి నాలుగు చినుకులు. ప్రతిసారీ పడతాయని కాదు. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశంలో అన్నిటికంటే పొడి ఆగస్టు, ఆ నెల సీమనూ ఎండబెట్టింది.

సెప్టెంబరు బాగుండడానికీ ఇదే కారణం. అప్పటికి పడమటి గాలి సడలుతుంది. నేల వేడి ఉంటుంది, తూర్పు నుంచి తేమ మొదలవుతుంది. మధ్యాహ్నం లేచిన మబ్బుని ఎవరూ తరమరు, అది నిలబడి రాత్రికి కురుస్తుంది. సగటున ఏడాదిలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరే.

మబ్బుచూపు | మే 15, మధ్యాహ్నం 1:41

ఇంకొకటి. "జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన అనంతపురంలోనే" అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. ఇక దాన్ని ఆపేస్తే బాగుంటుంది. బార్మేర్, బికనేర్‌లలో పడేది 300 మి.మీ. లోపే, లేహ్‌లో ఇంకా తక్కువ. అనంతపురం ఎడారి కాదు. అయితే ఎండ, గాలి కలిసి ఇక్కడ ఆవిరి చేయగల నీళ్ళు పడే వానకి దాదాపు మూడింతలు. అసలు బాధ అది.

పెద్దసారు_గుత్తి | మే 15, సాయంత్రం 6:15

మబ్బుచూపు గారు శాస్త్రం బాగా చెప్పారు. కానీ మా చిన్నప్పుడు వానలు ఇంతకన్నా బాగా పడేవి. గుత్తి కోట చుట్టూ పచ్చగా ఉండేది. చెట్లు కొట్టేశారు, వాన పోయింది. ఇందులో వేరే శాస్త్రం అక్కర్లేదు.

మబ్బుచూపు | మే 15, రాత్రి 7:50

సార్, మీ జ్ఞాపకాన్ని తప్పనను. చెట్లు పోవడం నష్టమే, అదీ ఒప్పుకుంటాను. కానీ వాన పాతకాలంలో దండిగా ఉండేదంటే ధాత కరువు ఎందుకొచ్చింది? 1876 నాటికి కొండల మీద చెట్లు ఉన్నాయి కదా. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది, 1882లో విడదీశారు. ఆ జిల్లాలో చచ్చిన మనుషుల, గొడ్ల కథలు తరాలు చెప్పుకున్నాయి. బుక్కరాయసముద్రం, బుక్కపట్నం లాంటి చెరువులు విజయనగరం కాలంలోనే అంత పెద్దవిగా కట్టారంటే, వాన మీద నమ్మకం అప్పుడూ లేదనే కదా అర్థం?

పెద్దసారు_గుత్తి | మే 15, రాత్రి 8:30

కట్టిన చెరువులు నిండేవి నాయనా. చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఊరంతా పోయి చూసేవాళ్ళం, పసుపు కుంకుమలు వేసేవాళ్ళం. ఇప్పుడు చెరువులో తుమ్మచెట్లు మొలిచాయి, చెరువుకి నీళ్ళొచ్చే వంకల మీద ప్లాట్లు వేశారు. వాన అంతే పడుతోందనే అనుకుందాం, నిలిచేదెక్కడ?

మబ్బుచూపు | మే 15, రాత్రి 8:34

ఈ మాటకి నా దగ్గర ఎదురు మాట లేదు సార్.

కంబదూరు_సేద్యం | మే 15, రాత్రి 9:10

ఇద్దరి మాటా నిజమే. ఇంకోటి కలపండి. మా తాత కాలంలో ఎర్రనేలలో కొర్ర, సజ్జ, ఆముదం, అనుము, కంది అన్నీ కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోతే ఒకటి నిలిచేది. మా నాయన కాలానికి మొత్తం శెనక్కాయే. ఊడలు (పూత తర్వాత మన్నులోకి దిగి కాయయ్యే కాడలు) దిగే టైములో నేల పొడిగా ఉంటే ఊడ మన్నులోకి దిగదు, గాల్లోనే ఎండిపోతాది. చెట్టు పచ్చగా ఉంటాది, పీకితే కింద ఏమీ ఉండదు. ఆ ఒక్క పదహైదు దినాలు వాన లేకపోతే ఏడాదంతా ఎంత పడినా మాకు లెక్కలేదు.

నిర్వాహకుడు | మే 15, రాత్రి 9:45

ఏ ప్రభుత్వం ఏ చెరువు తవ్వించింది, ఏ కాలువ ఎవరి హయాంలో వచ్చింది అనే మూడు పోస్టులు తీసేశాను. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ), హంద్రీ-నీవా కాలువల చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ వాతావరణం మాత్రమే.

గోదారిగట్టు | జూన్ 19, రాత్రి 8:55

వచ్చేశామండీ, కళ్యాణదుర్గంలోనే ఇల్లు. మీరు గాలి గాలి అంటుంటే ఏదో అనుకున్నాను. బాబోయ్. మిద్దె మీద ఆరేసిన దుప్పటి రెండిళ్ళ అవతల దొరికింది. తలుపు తీస్తే గోడమీద క్యాలెండరు దానంతటదే నెలలు తిప్పేస్తోంది. రోజూ మధ్యాహ్నానికి ఆకాశం మబ్బు పడుతుంది, మా పిల్లలు గొడుగులు తీస్తారు, ఒక్క చుక్క పడదు. ఎండ మాత్రం మేము భయపడినంత లేదు. ఈ మబ్బుల వల్ల 34, 35 దగ్గరే ఉంది. అమ్మకి దుమ్ము ఇబ్బందిగా ఉంది.

గాలిమర_ఉద్యోగి | జూన్ 19, రాత్రి 9:30

మీ దుప్పటిని ఎత్తుకెళ్ళిన గాలి నా జీతమండీ 😀 రామగిరి, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు కొండల మీద మీకు కనిపించే గాలిమరలన్నిటికీ ఇదే సీజను. మే చివర నుంచి సెప్టెంబరు మొదటి దాకా ఏడాది కరెంటులో పెద్ద వాటా వచ్చేస్తుంది. అక్టోబరులో రెక్కలు కదలవు, మరమ్మతులు అప్పుడు పెట్టుకుంటాం. ఊళ్ళో రైతులు నన్ను చూసి "మీ గాలి ఎప్పుడు ఆపుతారు?" అని అడుగుతారు. కొంతమందికి ఇంకా మరలే మబ్బుని తోసేస్తున్నాయని అనుమానం. కాదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

మబ్బుచూపు | జూన్ 19, రాత్రి 9:48

చెప్పడం మానొద్దు. గాలి ఉంది కాబట్టి మర పెట్టారు, మర పెట్టారని గాలి రాలేదు. నేల మీద సుమారు కిలోమీటరున్నర ఎత్తులో రుతుపవనాల వేగం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది, మర ఎత్తు దానిముందు ఏపాటి? ఈ గాలి ఎంత పాతదో చూడాలంటే బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు వెళ్ళండి. వేదవతి (హగరి) ఒడ్డు ఇసుక ఈ గాలికి లేచి పొలాల మీద దిబ్బలు కట్టింది. కొత్తవాళ్ళు ఫోటో చూసి రాజస్థాన్ అనుకుంటారు.

గోదారిగట్టు గారూ, అమ్మగారి కోసం పడమటి వైపు కిటికీలు పగలు మూసి ఉంచండి, తూర్పువి తెరవండి. ఆగస్టు చివరికి గాలి తగ్గుతుంది. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, దుమ్ము కాలంలో మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

కంబదూరు_సేద్యం | జులై 16, రాత్రి 9:05

మొన్న రాత్రి వాన. జానెడు పైన దిగింది. నిన్న, ఈరోజు విత్తేసినాం, పది సాళ్ళకి ఒక సాలు కంది. ట్రాక్టరు దొరక్క అర్ధరాత్రి లైట్లేసుకోని విత్తినోళ్ళు కూడా ఉన్నారు.

కంబదూరు_సేద్యం | జులై 17, ఉదయం 6:40

ఒక సంగతి అడగాల. మా మండలం లెక్కలో 15వ తేదీ వాన 31 మి.మీ. అని రాసినారు. మా ఊరికి రెండు మైళ్ళ అవతల ఊర్లో చినుకు లేదు. వాళ్ళు ఇంకా విత్తలేదు. బీమా కూడా ఆ మండలం లెక్క మీదే అంటారు. పోయినేడు అట్లనే మాకు పడని వాన మాకు పడినట్టు రాసి బీమా రాలేదు. అడిగితే "యంత్రం చెప్పింది" అన్నారు. యంత్రం ఒక చోట, వాన ఒక చోట. ఏం చెయ్యాల?

మబ్బుచూపు | జులై 17, ఉదయం 9:20

సెప్టెంబరు దాకా ఇక్కడ పడేవి ఎక్కువగా ఉరుము మబ్బుల వానలు, ఒక్కో మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే. ఒక చేను తడిసి పక్క చేను ఎండడం మామూలే. మండలానికి ఒకటి రెండు కొలమానాలు పెట్టి ఊరూరి లెక్క తెలుసుకోవడం అయ్యే పని కాదు, మీ బాధ నిజం.

మీరు చేయగలిగింది ఊళ్ళో మీ సొంత లెక్క పెట్టుకోవడం. నిలువు గోడల ప్లాస్టిక్ డబ్బా, అడుగు చదునుగా ఉన్నది, చెట్టుకీ గోడకీ దూరంగా గుంజకి కట్టండి. స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లు నిలిచాయో చూడటమే. రోజూ పొద్దున 8:30కి కొలిచి రాసి, వెంటనే ఒంపేయండి. ప్రభుత్వ లెక్క కూడా 8:30 నుంచి 8:30 వరకే, ఏ తేదీ పొద్దున కొలిస్తే ఆ తేదీ కింద రాస్తారు. అందుకే 14 రాత్రి వాన 15వ తేదీలో కనిపిస్తోంది. మీ పుస్తకాన్ని బీమా వాళ్ళు ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. అయితే నాలుగూళ్ళ పుస్తకాలు ఒకేమాట చెబితే ఫిర్యాదుకి బలం ఉంటుంది.

లెక్క కోసం ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. పది మి.మీ. వాన మీ ఎకరంలో దాదాపు నలభై వేల లీటర్లు దించినట్టు. రెండున్నర మి.మీ. కన్నా తక్కువ పడిన రోజుని "వాన పడిన రోజు" అని వాతావరణ శాఖ అసలు లెక్కపెట్టదు. మీ ఆరుద్ర చినుకుల్ని మీరు వాన అనకపోవడం దానికి సరిగ్గా సరిపోయింది.

గోదారిగట్టు | జులై 17, రాత్రి 10:15

ఎకరానికి నలభై వేల లీటర్లా! మా వైపు కాలువ గండి పడితే తప్ప ఎవరం నీళ్ళు లెక్కపెట్టమండీ. బ్యాంకులో ఈ వారం నిలబడే చోటు లేదు, అన్నగారు చెప్పినట్టే జరిగింది.

కంబదూరు_సేద్యం | ఆగస్టు 24, సాయంత్రం 5:50

విత్తి నలభై దినాలైంది. పూత నిండా ఉంది. ఊడలు దిగే టైము. వాన లేదు. మధ్యాహ్నం ఆకు ముడుచుకుంటాంది, సాయంత్రానికి మళ్ళీ తెరుచుకుంటాంది. పొద్దున కూడా ముడుచుకొని ఉన్నిందంటే ఇంక పని అయిపోయినట్టే.

మడకశిర_బెంగళూరు | ఆగస్టు 24, రాత్రి 8:10

అన్నా, నీటి కుంట ఏమైనా ఉందా? ఒక్క తడి ఇస్తే నిలబడుతుంది కదా. 2016లో నీళ్ళు దూరంగా చిమ్మే రెయిన్ గన్లు తెచ్చారు చూడు.

కంబదూరు_సేద్యం | ఆగస్టు 24, రాత్రి 8:45

కుంట ఉంది. కుంటలో నీళ్ళు పడాలంటే వాన పడాల కదప్పా. రెయిన్ గన్ను కూడా చూసినాం. నీళ్ళున్నోనికి అది మంచిదే. ఈతూరి నేను మూడెకరాల్లో వానకు ముందే నవధాన్యాలు చల్లి, తర్వాత కొర్ర, కంది పెట్టినా. అది మాత్రం ఇంకా తల ఎత్తుకోనే ఉంది.

మబ్బుచూపు | ఆగస్టు 27, ఉదయం 7:15

కంబదూరు అన్నా, గాలి దిశ చూస్తున్నారా? రెండు రోజులుగా పై గాలి నెమ్మదించింది. నిన్న సాయంత్రం హిందూపురం, పెనుకొండ వైపు మబ్బులు నిలువుగా లేచాయి. పడుతుందని మాటివ్వను. ఈ నెలలో చూసిన వాటిలో ఇదే మంచి సూచన.

మడకశిర_బెంగళూరు | ఆగస్టు 29, ఉదయం 7:30

మా ఊళ్ళో రాత్రి దంచింది. అమ్మ ఫోన్ చేసి వీధిలో నీళ్ళ చప్పుడు వినిపించింది.

కంబదూరు_సేద్యం | సెప్టెంబరు 1, ఉదయం 6:10

పడింది సామీ. పుబ్బ మొదటి రాత్రే. డబ్బాలో 38. తూర్పు మూల మెరిసి వచ్చింది. మాకు పడమటి మబ్బు మోసం, తూర్పు మబ్బే నిజం. ఎర్రనేలలో వేసిన శెనక్కాయలో సగం ఊడలు ఎండినాయి, మిగిలిన సగం నిలబడతాది. పెట్టుబడి వస్తే చాలు.

ధర్మవరం_మగ్గం | సెప్టెంబరు 18, మధ్యాహ్నం 3:20

రైతన్నలు సంతోషంగా ఉన్నారు, ఉండాలి కూడా. మా సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలని రాస్తున్నా. మావి గుంత మగ్గాలు. నేత నేసే మనిషి కాళ్ళు గుంతలో ఉంటాయి, తొక్కుడు కట్టెలు అక్కడే. నాలుగు రోజులు వాన వదలకపోతే గుంతలోకి ఊట వస్తుంది. చెంబులతో తోడి బయట పోస్తాం, రాత్రికి మళ్ళీ ఊరుతుంది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంటుంది, దాన్ని తడవకుండా కప్పుకొని కూచుంటాం. కూలి చీరకి కాబట్టి ఆ రోజులకి పైసా రాదు. కరువొస్తే రైతుకి పోతుంది, వానొస్తే మాకు పోతుంది. జిల్లా సగటులో ఈ రెండూ కనపడవు.

గోదారిగట్టు | సెప్టెంబరు 18, రాత్రి 8:00

ఇది నిజంగా తెలీదక్కా. బ్యాంకుకి వచ్చే నేతవాళ్ళు వాయిదా ఎందుకు తప్పుతున్నారో ఇప్పుడు అర్థమవుతోంది.

గొర్రెలమంద | సెప్టెంబరు 20, ఉదయం 5:55

వానలైనాక జీవాలు (గొర్రెలు, మేకలు) ఉన్నోళ్ళు జాగ్రత్త. దోమ, చిన్న ఈగ లేస్తాయి, నీలినాలుక జబ్బు అప్పుడే వస్తాది. మూతి వాచి, నాలుక నీలమై, మేత ముట్టదు, కుంటుతాది. టీకా వానలకి ముందే వేయించాల. వేయించనోళ్ళు సాయంత్రం పూట మందను తడి పల్లంలో పెట్టొద్దు, గట్టు మీదికి తోలండి. కొత్త పచ్చిమేత మీద కూడా ఒక్కసారిగా వదలొద్దు, కడుపు ఉబ్బుతాది.

నాపరాళ్ళూరు | అక్టోబరు 12, రాత్రి 9:00

గోదారిగట్టు గారూ, ఇల్లు మారుతున్నానని వేరే చర్చలో రాశారు. వంక ఎక్కడుందో చూసి తీసుకోండి. ఏడాదంతా ఎండి, పిల్లలు క్రికెట్ ఆడుకునే వంక ఒక్క రాత్రిలో నది అవుతుంది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కరువు జిల్లా అన్నచోట పడవలు తిప్పారు. దానికి ముందేడాది నవంబరు 19న చిత్రావతి పొంగింది, అదే రోజు కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగింది.

మబ్బుచూపు | అక్టోబరు 12, రాత్రి 9:35

నిజం. ఆ 2021 వాయుగుండం చెన్నైకి దక్షిణంగా తీరం దాటింది. జిల్లాకి పెద్ద వానలు ఇచ్చేవి ఇలా దక్షిణాన దాటేవే, జులై నాటి ఒడిశా అల్పపీడనాలు కావు. అక్టోబరు, నవంబరుల్లో నెల్లూరు–చెన్నై మధ్య ఏదైనా వస్తోందంటే మాత్రం టీవీ చూడండి. అప్పుడది మీ గురించే.

ఇల్లు చూసేటప్పుడు ఆ వీధిలో పాత కిరాణా కొట్టు వాణ్ణి అడగండి, బస్తాలు అటక మీద ఎందుకు పెట్టావని.

గోదారిగట్టు | అక్టోబరు 13, ఉదయం 7:40

అడిగానండీ. "2022లో నడుం దాకా" అన్నాడు. ఆ ఇల్లు వద్దనుకున్నాం. ఎత్తు మీద ఇంకోటి చూశాం, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయట, పర్లేదు. అమ్మకి గాలి తగ్గాక ఆయాసం బాగా తగ్గింది.

విడపనకల్లు_రేగడి | అక్టోబరు 16, సాయంత్రం 6:30

చర్చంతా ఎర్రనేలదే అయ్యింది. మాది నల్లరేగడి. ముంగారులో (ఖరీఫ్‌లో) ఖాళీగా పెట్టి, ఈ వానల పదును మీద హింగారులో (రబీలో) పప్పుశెనగ వేస్తాం. మొన్నటి వానకి పదును బాగుంది. అందరూ విత్తేస్తున్నారు. నేను కూడా వేసేయాలా, ఆగాలా? పగలు ఇంకా ఎండ కాస్తోంది.

కంబదూరు_సేద్యం | అక్టోబరు 16, రాత్రి 8:20

నాకు రేగడి లేదు గానీ మా బావది వజ్రకరూరు. ఎండ ఉన్నప్పుడే తొందరపడి వేస్తే ఎండు తెగులు వస్తాదని ఆయన ఆగుతాడు. నెలాఖరుకి రాత్రులు చల్లబడతాయి, అప్పుడు వేస్తాడు, నవంబరు రెండో వారం దాటనీడు. రేగడి తడి తొందరగా పోదులే, పైన రెండు వేళ్ళ మందం ఆరినా కింద ఉంటాది. విత్తనశుద్ధి మాత్రం మానొద్దు.

విడపనకల్లు_రేగడి | అక్టోబరు 16, రాత్రి 8:41

వేసినాక పెద్ద వాన పడితే?

కంబదూరు_సేద్యం | అక్టోబరు 16, రాత్రి 8:50

పడితే మళ్ళీ వేయాల్సిందే. పోయినసారి మా బావ రెండుసార్లు వేసినాడు. అందుకే విత్తనం మొత్తం ఒకేసారి చల్లేయొద్దు, సగం దాచి పెట్టుకో.

నిర్వాహకుడు | అక్టోబరు 16, రాత్రి 9:30

పప్పుశెనగ విత్తే సమయం మీద ఇంకా ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి "హింగారు పంటలు" అని కొత్త చర్చ తెరిచాను. పై నాలుగు పోస్టుల్ని అక్కడికి కూడా నకలు చేశాను. డబ్బా పెట్టి వాన కొలుస్తున్నవాళ్ళు ఊరి పేరు, 8:30 లెక్క ఇక్కడే రాస్తూ ఉండండి.